సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో హార్డ్ డిస్క్ రికవరీ షాపు: మామయ్యగారి పాత మెయిల్స్, 131 మంది అడ్రస్‌లు తిరిగొచ్చాయి

ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా. కొంచెం పెద్ద రివ్యూనే, ఏమనుకోకండి, ఎందుకంటే ఈ పని కోసం నేను వెతికినప్పుడు ఎక్కడ చూసినా 'గుడ్ సర్వీస్', 'నైస్ పర్సన్' తప్ప ఒక్క ముక్క పనికొచ్చేది దొరకలేదు, అసలు ఏం చేస్తారు ఎంత తీసుకుంటారు ఎన్ని రోజులు పడుతుంది ఏదీ తెలీదు. ఇంట్లో ఓ మూల పాత కంప్యూటర్ పెట్టుకుని అందులో మెయిల్స్ ఉండిపోయాయి అని బాధపడేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళ కోసం రాస్తున్నా.

మా మామయ్యగారిది 1976 ఇంజనీరింగ్ బ్యాచ్. 1971లో చేరి ఐదేళ్ళు చదివి బయటికొచ్చారు, తర్వాత బీహెచ్ఈఎల్‌లో చేసి రిటైర్ అయ్యారు, ఇప్పటికీ రామచంద్రాపురంలోనే ఉంటున్నాం. 2001లో వాళ్ళ బ్యాచ్ పాతికేళ్ళ పండగ చేసుకున్నప్పుడు అందరి అడ్రస్‌లు సేకరించే పని ఈయనే నెత్తినేసుకున్నారు, పోస్టు కార్డులు రాసి, ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఫోన్లు చేసి, ఒకరి ద్వారా ఇంకొకరిని పట్టుకుని. ఆ తర్వాత 2002లో ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నారు, పెంటియం ఫోర్, 256 ఎంబీ ర్యామ్, 40 జీబీ సీగేట్ డిస్కు, విండోస్ ఎక్స్‌పీ. అది కొన్నది ముఖ్యంగా ఈ బ్యాచ్ వాళ్ళతో మెయిల్స్ కోసమే. డయలప్ కనెక్షన్, మెయిల్స్‌కి ఎక్స్‌పీతో పాటు వచ్చే ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే ప్రోగ్రామ్. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ లైన్ పీకి మోడెమ్‌కి పెట్టి మెయిల్స్ దించుకుని, లైన్ కట్ చేసి తీరిగ్గా చదువుకుని, జవాబులు టైప్ చేసి పెట్టుకుని, మర్నాడు రాత్రి మళ్ళీ కనెక్ట్ చేసి పంపేవారట. మా ఆయన చెప్తుంటారు, ఆ మోడెమ్ కీచుమని అరిచే టైముకి ఇంట్లో ఎవరూ ఫోన్ ముట్టుకోకూడదు అని.

ఈ ఏడాది డిసెంబర్‌లో యాభై ఏళ్ళ పండగ. వాట్సాప్ గ్రూపులో నలభై మంది ఉన్నారు, మిగిలినవాళ్ళు ఎక్కడున్నారో తెలీదు. "అడ్రస్‌లన్నీ ఆ డబ్బాలో ఉన్నాయమ్మా" అన్నారు మామయ్యగారు అటక వైపు చూపించి. 2013లో ఆగిపోయిన సీపీయూ అది. ఆ తర్వాత ల్యాప్‌టాప్, జీమెయిల్‌కి మారిపోయారు, పాతవి అలాగే ఉండిపోయాయి.

ముందు నాకూ అర్థం కాలేదు, మెయిల్స్ అంటే ఎక్కడినుంచైనా లాగిన్ అయి చూసుకోవచ్చు కదా, డిస్కుతో పనేంటి అనుకున్నా. కానీ అప్పట్లో పద్ధతి వేరు. పాప్ అనే పద్ధతిలో మెయిల్ సర్వర్ నుంచి కంప్యూటర్‌కి దిగిపోయేది, దిగాక సర్వర్ మీద చెరిపేసేది, 'సర్వర్‌లో ఒక కాపీ ఉంచు' అని మనం ప్రత్యేకంగా టిక్ పెడితే తప్ప. ఆ రోజుల్లో మెయిల్‌బాక్స్ అంటే ఐదు పది ఎంబీలు, ఉంచితే నిండిపోతుంది కాబట్టి ఎవరూ ఉంచేవాళ్ళు కాదు. అంటే మామయ్యగారి పది పదకొండేళ్ళ మెయిల్స్‌కి ఈ ప్రపంచంలో ఒకటే కాపీ, అది అటక మీద ఉంది. పైగా ఆ డయలప్ మెయిల్ ఐడీ ఎప్పుడో మూతపడింది.

మొదట చేసిన తప్పు చెప్తా. ఇంటికి దగ్గర్లో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్ళాం. అతను డిస్కు తీసి యూఎస్‌బీ కేబుల్‌తో తన కంప్యూటర్‌కి పెట్టాడు, షేర్డ్ డాక్యుమెంట్స్ తెరిచాడు, నాలుగు ఫోటోలు, రెండు వర్డ్ ఫైళ్ళు కనిపించాయి, "ఇంకేం లేవండి ఇందులో" అనేశాడు. మెయిల్స్ అని అడిగితే మామయ్యగారి పేరున్న ఫోల్డర్ నొక్కాడు, యాక్సెస్ డినైడ్ అని వచ్చింది, "పాస్‌వర్డ్ లాక్ పడిపోయింది" అన్నాడు. ఈలోపు డిస్కులో తప్పులున్నాయి స్కాన్ చేసి సరిచేయనా అని విండోస్ ఒక డబ్బా చూపించింది, మమ్మల్ని అడక్కుండానే ఎస్ కొట్టేశాడు. రెండు గంటలు తిరిగింది. డిస్కులోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. ఆ తర్వాత డిస్కు కనిపించడమే మానేసింది, "పోయిందండీ, పాతది కదా" అని కవర్లో పెట్టి చేతికిచ్చాడు. ఆటోలో వస్తున్నంతసేపూ మామయ్యగారు ఆ కవర్ ఒళ్ళో పెట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. నాకు చాలా కష్టంగా అనిపించింది, నేనే కదా అక్కడికి తీసుకెళ్ళింది.

తర్వాత మా తమ్ముడు చెప్పాడు, సీటీసీకి వెళ్ళు అక్కా అని. తెలీనివాళ్ళకి, సీటీసీ అంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ సామాన్లకి హైదరాబాద్‌లో ఎవర్నడిగినా ముందు చెప్పే చోటు. తమాషా ఏంటంటే ఆ కంప్యూటర్ 2002లో అసెంబుల్ చేయించింది కూడా అక్కడే అట, మెట్లెక్కుతుంటే మామయ్యగారు "ఇక్కడే, ఈ వరసలోనే" అని చూపించారు. మేము మియాపూర్ దాకా ఆటోలో వచ్చి మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో మారి ప్యారడైజ్‌లో దిగాం. కార్లో మాత్రం వెళ్ళకండి, పార్కింగ్‌కే అరగంట పోతుంది.

షాపు చిన్నది, రెండో అంతస్తులో లోపలికి ఉంటుంది, కౌంటర్ ముందు ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకి చోటుండదు. కూర్చోడానికి ఒకటే స్టూలు, దాన్ని తుడిచి మామయ్యగారికి వేశాడు ఆ అబ్బాయి. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. నాకు నచ్చింది ఏంటంటే డిస్కు చేతిలోకి తీసుకునే ముందు ప్రశ్నలడిగాడు. చివరిసారి ఎప్పుడు పనిచేసింది, ఆ తర్వాత ఎన్నిసార్లు కరెంట్ ఇచ్చారు, చప్పుడేమైనా వచ్చిందా, కింద పడిందా, ఎవరైనా స్కాన్ చేశారా, ఏ ప్రోగ్రామ్‌లో మెయిల్స్ చూసేవాళ్ళు, ఆ ఐడీ ఇంకా నడుస్తోందా. అన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత అడిగిన ప్రశ్న ముఖ్యమైంది: "అంకుల్, మీకు ఈ డిస్కులో అన్నీ కావాలా, ఏదో ఒకటి కావాలా? ఒకటే దొరికేట్టుంటే ఏది ముందు తియ్యమంటారు?" మామయ్యగారు ఆలోచించకుండా "అడ్రస్ బుక్ బాబూ" అన్నారు. "మెయిల్స్ దొరికితే సంతోషం, అడ్రస్ బుక్ మాత్రం తప్పకుండా కావాలి."

ఎందుకడిగాడో తర్వాత చెప్పాడు. డిస్కు దెబ్బతిన్నప్పుడు అది ఇంకా ఎన్ని గంటలు నడుస్తుందో ఎవరికీ తెలీదు, కాబట్టి కావలసిన చోటు నుంచి ముందు చదవాలట. చప్పుడు చేసే డిస్కుని ఊరికే ఆన్ చేసి ఆఫ్ చేసి చూడటం, విండోస్‌లో స్కాన్ పెట్టడం అంటే ఉన్న కాస్త ఆయుష్షు తగలేసుకోవడమే అన్నాడు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుంది అని ఎవరైనా చెప్తే మాత్రం అస్సలు చేయొద్దు, లోపల చెమ్మ పడుతుంది అన్నాడు. మా పక్కింటాయన మాకు సరిగ్గా ఆ సలహానే ఇచ్చారు, మంచిదైంది వినలేదు.

తర్వాత అతను చేసింది కళ్ళారా చూశా. డిస్కు వెనక ఆకుపచ్చ బోర్డు ఉంటుంది కదా, చిన్న స్టార్ ఆకారం స్క్రూలు తీసి దాన్ని మెల్లగా పైకి లేపాడు. లోపలివైపు చిన్న చిన్న లోహపు బిళ్ళల వరస, నల్లగా మసిబారిపోయి ఉంది, పన్నెండేళ్ళు అటక మీద చెమ్మలో ఉంది మరి. డ్రాయర్‌లోంచి స్కూలు పిల్లలు వాడే పెన్సిల్ రబ్బరు తీశాడు. ఒక్కో బిళ్ళనీ రెండు మూడుసార్లు నెమ్మదిగా రుద్దుతుంటే నలుపు పోయి మెరుపొచ్చింది, రబ్బరు పొడిని మెత్తటి బ్రష్‌తో దులిపాడు. మామయ్యగారు స్టూలు ముందుకి జరుపుకుని చూస్తున్నారు, "మేం ఫ్యాక్టరీలో రిలే కాంటాక్టులు ఇలాగే శుభ్రం చేసేవాళ్ళం" అన్నారు. అంతసేపట్లో ఆయన మొహంలో కొంచెం వెలుగు అప్పుడే చూశా. బోర్డు బిగించి, వెనక జంపర్ అనే చిన్న క్లిప్ సరిచూసుకుని, పాత డిస్కులకి వాడే వెడల్పాటి నలభై పిన్నుల ఐడీఈ కేబుల్ పెట్టి కరెంటిచ్చి డిస్కు దగ్గర చెవి పెట్టి విన్నాడు. టిక్కు టిక్కు ఉంది కానీ తగ్గింది. "తిరుగుతోంది, హెడ్ పూర్తిగా పోలేదు, నేను ప్రయత్నిస్తా" అన్నాడు. హెడ్ అంటే లోపల డిస్కుని చదివే భాగం, అది పూర్తిగా పోయుంటే తాను తెరవనని, దుమ్ము లేని ల్యాబ్ ఉన్నవాళ్ళే మూత తీయాలని, దాని ఖర్చు వేలల్లో ఎక్కడికో వెళ్తుందని ముందే చెప్పాడు. చేతకాని పని నెత్తిన వేసుకోని మనిషి అని అప్పుడే నమ్మకం కుదిరింది.

రేటు కూడా అక్కడే తేల్చాడు. చూసినందుకు 300, అది ఎలాగూ ఇవ్వాలి, అడ్రస్ బుక్ గానీ మెయిల్స్ గానీ వస్తే మొత్తం 4,500, ఏదీ రాకపోతే ఆ 300 తప్ప ఏమీ లేదు. రసీదు మీద డిస్కు సీరియల్ నంబర్ రాసిచ్చాడు. అడిగితే ఇంకో మాట కూడా చెప్పాడు, కాపీ తన దగ్గర పదిహేను రోజులుంటుంది, మనం అన్నీ చూసుకుని సరే అన్నాక చెరిపేస్తాడు. ఇది మాత్రం ప్రతివాళ్ళూ అడగండి. పాత డిస్కుల్లో బ్యాంకు కాగితాలు, పాన్ కార్డు స్కాన్లు, ఇంటి ఫోటోలు అన్నీ ఉంటాయి, ఊరికే ఎవరి చేతిలో పడితే వాళ్ళ చేతిలో పెట్టకూడదు.

అసలు పని ఎలా చేశాడో కూడా రాస్తా, ఎందుకంటే మంచి షాపుకి, మొదటి షాపుకి తేడా అంతా ఇందులోనే ఉంది. ఇతను మా డిస్కులో ఏ ఫైలూ తెరవలేదు. ముందు డిస్కు మొత్తానికి ఉన్నదున్నట్టు ఒక నకలు తీశాడు, వేరే మంచి డిస్కు మీదకి, విండోస్ బదులు లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో. అది ముందు బాగున్న చోట్లన్నీ గబగబా చదివేస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడితే అక్కడ ఆగకుండా దాటేసి గుర్తు పెట్టుకుంటుంది, చివర్లో ఆ పాడైన చోట్లకి మళ్ళీ వచ్చి చిన్న చిన్న ముక్కలుగా ప్రయత్నిస్తుంది. ఎంతవరకు అయిందో ఒక చిన్న ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి డిస్కు చల్లారాక మళ్ళీ అక్కడినుంచే మొదలుపెట్టొచ్చు. అలా రెండు రాత్రులు నడిపించాడట. మూడో రోజు వాట్సాప్‌లో స్క్రీన్ ఫోటో పెట్టాడు, 99.97 శాతం వచ్చింది అని. మామయ్యగారు కాలిక్యులేటర్ తీసి 40 జీబీలో మిగిలింది ఓ 12 ఎంబీ అని లెక్క కట్టి, "ఆ పన్నెండులో మనవి లేకపోతే చాలు" అన్నారు.

ఇక మెయిల్స్ ఎక్కడుంటాయో. ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్ ఇంట్లో ఉంటే ఇది పనికొస్తుంది రాసుకోండి. సీ డ్రైవ్‌లో డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్, అందులో మన పేరు, అందులో లోకల్ సెట్టింగ్స్, తర్వాత అప్లికేషన్ డేటా, ఐడెంటిటీస్, దాంట్లో పువ్వు బ్రాకెట్ల మధ్య పొడుగాటి అంకెలు అక్షరాలున్న ఫోల్డర్, దాంట్లో మైక్రోసాఫ్ట్, దాంట్లో ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్. లోకల్ సెట్టింగ్స్ దాచిపెట్టిన ఫోల్డర్, హిడెన్ ఫైల్స్ చూపించు అని పెట్టకపోతే కనపడదు. ఇన్‌బాక్స్‌కి ఒక ఫైలు, సెంట్ ఐటమ్స్‌కి ఒకటి, మనం చేసుకున్న ప్రతి ఫోల్డర్‌కీ ఒకటి, అన్నిటికీ చివర డీబీఎక్స్ అని ఉంటుంది. అడ్రస్ బుక్ వీటితో ఉండదు, మన పేరు కింద నేరుగా ఉన్న ఇంకో అప్లికేషన్ డేటాలో మైక్రోసాఫ్ట్, అడ్రస్ బుక్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది, చివర డబ్ల్యూఏబీ అని. చాలామంది మెయిల్స్ కాపీ చేసుకుని అడ్రస్ బుక్ మర్చిపోతారట, తర్వాత డిస్కు పారేశాక ఏడుస్తారట. థండర్‌బర్డ్ అనే ఇంకో మెయిల్ ప్రోగ్రామ్ వాడినవాళ్ళకి అంత బాధ లేదు, అప్లికేషన్ డేటాలో థండర్‌బర్డ్, ప్రొఫైల్స్ అనే ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుంటే మెయిల్స్, అడ్రస్‌లు రెండూ వచ్చేస్తాయి. ఆఫీస్‌తో వచ్చే పెద్ద ఔట్‌లుక్ అయితే పీఎస్‌టీ అనే ఒకే ఫైలు.

యాక్సెస్ డినైడ్ అని వచ్చింది లాక్ కాదు, పాత విండోస్‌లోని యూజర్ వేరు ఈ కంప్యూటర్ యూజర్ వేరు కాబట్టి ఒప్పుకోదు అంతే, ఫోల్డర్‌ని మన పేరు మీదకి మార్చుకుంటే తెరుచుకుంటుంది. లినక్స్‌లో అయితే అది కూడా అడగదు. ఇంత చిన్న విషయానికి మాకు పాస్‌వర్డ్ లాక్ అని చెప్పి పంపేశారు.

నాలుగో రోజు మళ్ళీ వెళ్ళాం. ఇన్‌బాక్స్ ఉంది, బ్యాచ్ అనే ఫోల్డర్ ఉంది, సెంట్ ఐటమ్స్ ఫైలు మాత్రం లేదు. మామయ్యగారికి అది చాలా కావాలి, ఎందుకంటే ఈయన రాసిన జాబులన్నీ అందులోనే. ఆ అబ్బాయి డిస్కులో ఫౌండ్ అనే ఒక ఫోల్డర్ చూపించాడు, మొదటి షాపులో స్కాన్ చేసినప్పుడు తల్లీతండ్రీ దొరకని ఫైళ్ళన్నిటినీ విండోస్ పేర్లు తీసేసి, ఫైల్ సున్నా, ఫైల్ ఒకటి అని నంబర్లేసి అందులో పడేసిందట. పదిహేడు ఉన్నాయి. ఒక్కోదాన్ని అక్షరాలుగా కాకుండా అంకెల రూపంలో తెరిచి మొదటి నాలుగు జతలు చూస్తూ వెళ్ళాడు. ఇది కాదు, ఇది కాదు, ఇది ఫోటో. ఆరోదో ఏడోదో తెరిచాక ఆగి స్క్రీన్ మా వైపు తిప్పాడు, మొదట్లోనే సీఎఫ్, ఏడీ, 12, ఎఫ్ఈ. "ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఫైలు ఏదైనా దీంతోనే మొదలవుతుంది అంకుల్, పేరు పోయినా ఇది పోదు" అన్నాడు. పేరు మార్చి తెరిచాడు. సెంట్ ఐటమ్స్. మొదటి మెయిల్ 2002 సెప్టెంబర్‌ది. మామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

ఈ ఫైళ్ళు ఇప్పటి విండోస్‌లో తెరుచుకోవు, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌ని విస్టా వచ్చినప్పుడే తీసేశారు. యూఎన్‌డీబీఎక్స్ అనే ప్రోగ్రామ్‌తో ఒక్కో మెయిల్‌నీ ఒక్కో ఫైలుగా విడదీసి థండర్‌బర్డ్‌లో ఫోల్డర్లుగా పెట్టిచ్చాడు. ఇన్‌బాక్స్‌లో ఆరు వేల పైచిలుకు, సెంట్‌లో దాదాపు రెండు వేలు. మేం ఎప్పుడో డిలీట్ చేసినవి కూడా కొన్ని వచ్చాయి, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో డిలీట్ కొట్టినా ఫైల్లోంచి వెంటనే పోదట, కాంపాక్ట్ అని చేసినప్పుడే పోతుందట. బ్యాచ్ ఫోల్డర్‌లో ఓ అరవై మెయిల్స్ మాత్రం పోయాయి, ఆ 12 ఎంబీలో కొంత అక్కడే పడింది. కొన్ని సగం వచ్చి ఆగిపోతాయి. అది డిస్కు తప్పు, ఇతనిది కాదు, ముందే చెప్పాడు కూడా.

అడ్రస్ బుక్ కూడా మొదట తెరుచుకోలేదు, పాడైంది అని వచ్చింది. నా గుండె జారిపోయింది. కానీ దాని పక్కనే అదే పేరుతో ఇంకో ఫైలుంటుంది, చివరి అక్షరం బదులు చిన్న అల గీత, అది ప్రోగ్రామ్ తనంతట తాను తీసి పెట్టుకునే బ్యాకప్. దాన్ని పేరు మార్చి వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే దాంట్లో, ఎక్స్‌పీ పెట్టుకుని తెరిచాడు. 131 పేర్లు. పేర్ల వరస కిందికి జరుపుతుంటే మామయ్యగారు ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టారు, కౌంటర్ దగ్గర వేరే కస్టమర్లు నిలబడున్నా ఆ అబ్బాయి తొందరపెట్టలేదు. ఒకాయన పేరు దగ్గర ఆగి "వీడు పోయాడమ్మా, 2009లో" అన్నారు, మళ్ళీ చదువుకుంటూ వెళ్ళారు.

ఇప్పుడు అర మార్కు ఎందుకు తగ్గించానో చెప్తా. అడ్రస్‌లు మొదట ఇచ్చిన ఎక్సెల్ ఫైల్లో పేరు, మెయిల్, ఫోన్ మాత్రమే ఉన్నాయి. ఇంటికొచ్చి చూసుకుంటే మామయ్యగారికి అసలు కావాల్సింది లేదు. ఆయన ప్రతి ఒక్కరికీ నోట్స్ అనే చోట రాసుకున్నారు, హాస్టల్ రూమ్ నంబరు, ముద్దుపేరు, భార్య పేరు, పిల్లలేం చదువుతున్నారు, సొంతూరు. బయటికి తీసేటప్పుడు ఏ ఏ గడులు కావాలో టిక్ పెట్టాలి, ఇతను నోట్స్‌కి పెట్టలేదు. అలాగే అమెరికా వాళ్ళు, గల్ఫ్ వాళ్ళు, లేడీస్ అని చేసుకున్న గ్రూపులు కూడా రాలేదు, గ్రూపులు ఆ పద్ధతిలో అసలు రావట. ముందే చెప్పుంటే బాగుండేది. ఫోన్ చేస్తే రెండు రోజులు ఎత్తలేదు, మనిషి ఒక్కడే, పని ఎక్కువ, అయినా పెద్దాయన రోజూ అడుగుతుంటే నాకు టెన్షన్. చివరికి మళ్ళీ వెళ్ళాం. సారీ చెప్పి, పది నిమిషాల్లో నోట్స్‌తో సహా మళ్ళీ తీసి, గ్రూపుల స్క్రీన్ ఫోటోలు తీసి ఒక్కో గ్రూపులో ఎవరున్నారో పక్క గడిలో తనే టైప్ చేసిచ్చాడు, పైసా తీసుకోలేదు. అందుకే అర మార్కే తగ్గించా. ఇంకో మాట, రెండు రోజులన్న పని మొత్తానికి తొమ్మిది రోజులు పట్టింది. అర్జెంట్‌గా కావాలనుకునేవాళ్ళు అది మనసులో పెట్టుకుని వెళ్ళండి.

చివరికి చేతికొచ్చినవి: మెయిల్స్ అన్నీ ఉన్న పెన్ డ్రైవ్, అది మేమే కొనిచ్చాం. అడ్రస్‌లు ఎక్సెల్‌లో, ఇంకా ఫోన్‌లోకి నేరుగా ఎక్కే వీసీఎఫ్ ఫైలుగా. మామయ్యగారు అడిగారని పెద్ద అక్షరాల్లో తొమ్మిది పేజీల ప్రింటు. పాత డిస్కు కూడా యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, మీద 'మళ్ళీ కరెంట్ ఇవ్వొద్దు' అని రాసి తిరిగిచ్చాడు. ఇంటికొచ్చిన రోజే మెయిల్స్ ఇంకో రెండు చోట్ల కాపీ పెట్టేశా.

అందరూ అక్కడికే పరిగెత్తాలని నేను చెప్పను. మీ డిస్కు చప్పుడు లేకుండా మామూలుగా తిరుగుతుంటే ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు, ఆ మాట కూడా అతనే చెప్పాడు. పాత రకం ఐడీఈ, తర్వాతి రకం సాటా డిస్కులు రెండూ పట్టే యూఎస్‌బీ అడాప్టర్ కొనుక్కోండి, సాటా ఒక్కటే పట్టేది కొంటే 2002 నాటి డిస్కుకి పనికిరాదు. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని పెద్ద సైజు డిస్కు అయితే విడిగా పవర్ అడాప్టర్ ఉన్నదే తీసుకోండి, వాటికి 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ నుంచి ఐదే వస్తాయి. ఫార్మాట్ చేయనా, సరిచేయనా అని ఏది అడిగినా వద్దు అనే కొట్టండి. పైన చెప్పిన ఫోల్డర్లు కాపీ చేసుకుని డిస్కు తీసేయండి, తెరవడం సంగతి తర్వాత చూసుకోవచ్చు. టిక్కు టిక్కుమంటే మాత్రం వెంటనే కరెంట్ తీసేసి ఇలాంటివాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.

మా ఇంట్లో ఇప్పుడు రోజూ పొద్దున పదింటికి మామయ్యగారు ఆ తొమ్మిది పేజీలు, ఎర్ర పెన్ను పెట్టుకుని కూర్చుంటున్నారు. హైదరాబాద్ ల్యాండ్‌లైన్లు చాలావాటికి ముందు 2 చేరక ముందటి ఏడంకెల నంబర్లే ఉన్నాయి, వాటికి 2 కలిపి చేసినా ఎక్కువ మోగట్లేదు. 98480తో మొదలయ్యే సెల్ నంబర్లు మాత్రం కొన్ని ఇంకా అదే మనిషి దగ్గరున్నాయి. మిగిలినవాళ్ళని నోట్స్‌లో ఉన్న సొంతూరు పట్టుకుని, పిల్లల పేర్లు పట్టుకుని వెతుకుతున్నారు, అది మా అబ్బాయి డ్యూటీ, తాత పేరు చెప్తాడు వాడు ఫోన్‌లో వెతుకుతాడు. నిన్నటికి 131లో 74 మంది దొరికారు. మొన్న ఒకాయన ఫోన్ ఎత్తి ఎవరండీ అంటే మామయ్యగారు పేరు చెప్పలేదు, "రూమ్ నంబర్ 42" అన్నారు. అవతల కాసేపు ఏం వినిపించలేదు, తర్వాత ఇద్దరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు, వంటింట్లోకి వినిపించింది నాకు.

షాపు సాయంత్రం రద్దీగా ఉంటుంది, పొద్దున పదకొండున్నర ప్రాంతంలో వెళ్ళండి, ఫోన్ కంటే వాట్సాప్ మెసేజ్ పెడితే త్వరగా చూస్తాడు.